చీకట్లో దొరికిన రవ్వ

ముగ్గురు మెకానిక్కులు చేతులెత్తేసిన పాత వ్యాను అది, మెకానిక్కు పని నేర్చుకున్న ఓ అమ్మాయి బాబాయిది. ప్లగ్గులు మార్చారు, కాయిలు మార్చారు. అయినా నిప్పురవ్వ సరిగ్గా పడటం లేదు. "స్పానరు పట్టుకున్న ప్రతి పిల్లా మెకానిక్కు అయిపోతుందా?" అన్నవాళ్ల నోళ్లు మూయించాలని ఆమె పంతం పట్టింది.

ఆ రాత్రి షెడ్డులో లైటు ఆర్పేసింది. కరెంటు ఎక్కడ కారిపోతోందో చీకట్లోనే కదా కనిపించేది! బానెట్ ఎత్తి ఇంజను మీదికి వంగింది. వ్యాను తలుపు పడిన చప్పుడు వినగానే, "సెల్ఫ్ కొట్టు బాబాయ్!" అని కేకేసింది.

ఇంజను గరగరా తిరిగింది. మూడో ప్లగ్గు వైరు పగులులోంచి నీలిరవ్వ చిటుక్కున పక్కకు దూకింది.

"దొరికింది!" ఆమె ఛాతీ ఉప్పొంగింది. పరుగున వెళ్లి లైటు వేసింది.

డ్రైవరు సీటు ఖాళీ. బాబాయి అప్పుడే గేటు తోసుకుని వస్తున్నాడు, చేతిలో బండి తాళంచెవితో. "ఇంట్లో మర్చిపోయానమ్మా. నేను లేకుండా మొదలెట్టలేదు కదా?"

ఆమె తాళంచెవినీ, డ్రైవరు సీటునీ మార్చి మార్చి చూసింది. కొత్త వైరు బిగించి, మళ్లీ లైటు ఆర్పింది.

"ఇంకోసారి కొట్టండి," అంది మర్యాదగా, ఖాళీ సీటు వైపు తిరిగి.

బండి ఒక్క దెబ్బకే అందుకుంది.