నాలుగంకెల పెత్తనం

“నాలుగు, ఏడు, రెండు, తొమ్మిది,” అని పైకే గొణుగుతూ, ఫోనుకి అరచెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నొక్కాడు రైతు. పిన్ను నంబరు అంత భద్రంగా దాచుకునే మనిషి!

“మళ్ళీ తప్పేనట అన్నయ్యా,” అంది విత్తనాల దుకాణం ఆవిడ, ఫోనులోకి తొంగిచూసి. “ఇంకొక్కసారే ఉంది. అదీ తప్పితే రేపటిదాకా ఖాతాకి తాళం పడుతుంది. సగం ధరకి విత్తనాలేమో ఇవాళ్టితో సరి.”

“ఆరేళ్ళుగా నొక్కుతున్న నంబరమ్మా!” ఆయన కండువాతో ఫోను తుడిచి మళ్ళీ చూశాడు.

“ఎప్పుడో మార్చి మర్చిపోయి ఉంటావు. ఇలా రోజుకొకరు వస్తారు.”

వెనకాల ఖాళీ సంచులతో నిలబడ్డ భార్య ముందుకొచ్చింది. “నేను చూడనా?”

“నువ్వా! ఫోను సంగతి నీకేం తెలుసే?”

“ముట్టుకోనిస్తేగా తెలిసేది!”

చిక్కుడు విత్తేది ఆమె. కలుపు తీసేది, కాయ కోసేది, ఈ దుకాణానికే తెచ్చి అమ్మేది కూడా ఆమే. డబ్బు మాత్రం ఆయన ఫోనుకి వచ్చి పడుతుంది. పోయిన పంట డబ్బు అలాగే వచ్చి, మరిది బండికి కొత్త టైర్లయిపోయింది. తన పేర ఖాతా ఉంది, కూతురు వాడి వదిలేసిన ఫోనూ ఉంది. వాటిలో ఇంతవరకూ ఒక్క పైసా పడలేదు. తలుచుకుంటేనే ఆమెకి ఒళ్ళు మండిపోయేది.

“సరిగ్గా నొక్కితే నాకేమిస్తావు?”

“ఏదడిగితే అది! ముందు విత్తనాలు దక్కనీ.”

“ఇకమీదట చిక్కుళ్ళ డబ్బు నా నంబరుకే రావాలి.”

వరసలో ఉన్నవాళ్ళంతా ఇటే చూస్తున్నారు. ఏ దారీ తోచక, “సరేలే, కానీ,” అని ఫోను ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె కాసేపు ఆలోచించింది. “మన పెళ్ళి తేదీ నొక్కి చూస్తా.”

“అదెప్పుడు?” అన్నాడాయన. అందరూ గొల్లున నవ్వారు.

ఆమె నాలుగంకెలూ నొక్కింది. ఫోను టింగుమంది. డబ్బు వెళ్ళిపోయింది!

“ఓరి నీ అసాధ్యం కూలా!” అన్నాడు వరసలోని ముసలాయన. “పైకేమో అదెప్పుడంటూ నాటకాలు, లోపలేమో పెళ్ళాం మీద ఇంత ప్రేమా!”

“అవునవును, నేనే పెట్టా. ఇప్పుడు గుర్తొచ్చింది,” అంటూ రైతు మీసం దువ్వుకున్నాడు. విత్తనాల మూట భుజానికెత్తుకుని దర్జాగా బయటికి నడిచాడు.

దుకాణం ఆవిడ పుస్తకం తీసి, ఆయన నంబరు కొట్టేసి ఆమె నంబరు రాసుకుంది. ఆ పదంకెలూ రైతు భార్య ఒక్కొక్కటే నొక్కి నొక్కి చెప్పింది.

“అంత కచ్చితంగా ఎలా ఊహించావు వదినా?”

ఆమె గుమ్మం వైపు ఒకసారి చూసి, దగ్గరికి వంగింది.

“పొద్దున మార్చింది నేనేగా!”