ముందు ఇది చదవండి

పాప ఏడిస్తే తనకు వినబడదేమో. ఆమెకున్న భయాలన్నిటిలోకీ పెద్దది ఇదే. ముందుగదిలో కుట్టుమిషను గడగడలాడుతుంటే వెనకగదిలో ఉయ్యాల సంగతి ఎవరికి తెలుస్తుంది? నాలుగు కుట్లు వేసి ఆగడం, చెవులు రిక్కించడం, మళ్లీ తొక్కడం. జాకెట్లు వంకర పోతున్నాయని కుట్టించుకునేవాళ్లు సణగడం మొదలెట్టారు.

అందుకే మొగుడికి పని అప్పజెప్పింది. పాప ఏడవగానే మిషను పక్కన దీపం వెలిగించే ప్రోగ్రాం ఒకటి ఊరికే దొరుకుతోందట. దాన్ని ఆయనగారి పాత యూనిక్స్ కంప్యూటర్లో ఎక్కించాలి.

చిటికెలో పని అంటూ ఆయన కీబోర్డు మీదికి దూకబోయాడు.

“ఆగండి. రీడ్‌మీ అని ఏదో ఉందిగా, ముందు అది చదవండి.”

“ఎనిమిదితో బడి మానేసినదానివి, నన్ను చదవమంటున్నావా?”

“పోయినసారి చదవకుండా నొక్కి పెళ్లి ఫొటోలన్నీ గాల్లో కలిపేశారు. ఇది ఫొటో కాదు, పాప. ఒక్క ముక్క వదిలినా ఊరుకోను.”

అంతా చదివాకే నొక్కుతానని ఒట్టు వేయించుకుంది.

పాపం, మాట తప్పే మనిషి కాదు. రీడ్‌మీ తెరిస్తే, ముందు ఇన్‌స్టాల్ అనే ఫైలు చదవమంది. ఆ ఫైలేమో, ఇది నడవాలంటే ఇంకో ప్రోగ్రాం ఉండాలి, దాని రీడ్‌మీ చదివి రమ్మంది. దానికి మరో రెండు కావాలట. ఆ రెండింటికీ పెద్దమనిషి లాంటిది మరొకటుందట, అది ఊ అననిదే ఏదీ కదలదట.

టీ ఇచ్చి, అయిందా అని అడిగింది. మళ్లీ టీ ఇచ్చి మళ్లీ అడిగింది.

“ఇంకొక్క పేజీ. కొత్త వెర్షన్ వచ్చింది, పాత పేజీలు చెల్లవట. మళ్లీ మొదటినుంచి చదవాలి.”

“మరి అందాకా పాప?”

“ఒక్క ముక్క వదలొద్దన్నది ఎవరు?”

పక్కింటి అత్తయ్య కిటికీలోంచి తొంగిచూసి, ఆఫీసుకి పోయి ఆలస్యంగా వచ్చే మగాళ్లను చూశాను గానీ, పేజీలోకి పోయి అసలు రానివాణ్ణి ఇప్పుడే చూస్తున్నానని దెప్పింది.

ఆమె ఆగి ఆగి కుడుతూనే ఉంది. చేతిలో ఉన్నది ఓ చిన్న స్కూలు యూనిఫాం. చివరి గుండీ కుట్టి, దారం కొరికి, కొలతకు నిలబడ్డ పిల్లకు తొడిగి చూసింది. అతికినట్టు సరిపోయింది.

మొగుడు కూర్చున్న కంప్యూటరు గదిలో అలికిడి లేదు. కేకేస్తే జవాబు లేదు. ఆ మనిషి అసలు ఉన్నాడా, పోయాడా అని దిగులు పుట్టింది.

“బడికి వెళ్లే ముందు, మీ నాన్న ఏ పేజీలో ఉన్నారో ఓసారి చూసి రావే, పాపా.”