నిమ్మగడ్డి వాసన

మధ్యగదిలో దబ్‌మని చప్పుడైంది. వెంటనే కుయ్‌మంటూ కుక్క ఏడుపు.

వరండాలో కుర్చీకి పేము అల్లుతున్న మామగారి చేతులు ఆగిపోయాయి. ఏమైందని లోపలికి కేకేశారు.

"ఏం లేదు మామయ్యగారూ. దొర బీరువాకి తగిలాడు," అంది కోడలు.

బీరువాకి తగిలాడట! చిన్నపిల్లప్పటినుంచీ ఈ ఇంట్లోనే తిరిగిన కుక్క. ఏనాడూ నీళ్ళచెంబు కూడా తన్నుకుని ఎరగడు. ఈవిడ కాపురానికి రాగానే బీరువాలకి తగులుతున్నాడు. బాగానే పెడుతోంది నా చెవిలో పువ్వులు, అనుకున్నారు మామగారు.

దొర పేరుకు తగ్గ కుక్క. తిండి పెట్టినా, పిలిస్తేగానీ కదిలేవాడు కాడు. మామగారి భార్య పోయాక ఆయన కాళ్ళకి ఆనుకుని పడుకోవడమే వాడికి ఉద్యోగం. ఆ ఒంటి వెచ్చదనం తగలందే ఆయనకు అల్లిక సాగేది కాదు.

అలాంటివాడు ఒక్కసారిగా మారిపోయాడు. గోడలకి చెమ్మ దిగుతోందని కొడుకు ఓడ డ్యూటీకి వెళ్ళేముందు మంచాలూ బీరువాలూ గదులు మార్పించాడు. ఇంటి పెత్తనం భార్యకి అప్పగించి వెళ్ళాడు. ఏది ఎక్కడికి జరిగిందో ఆమె మామగారిని ఇల్లంతా తిప్పి మరీ చెప్పింది. చాలదన్నట్టు మర్నాడు మళ్ళీ తిప్పింది. కొత్త పెత్తనం కదా, ఆ మాత్రం మురిపెం ఉంటుందిలెమ్మని ఆయన సరిపెట్టుకున్నారు.

దొర సరిపెట్టుకోలేదు. గుమ్మం దగ్గరే ఆగిపోయి మూలిగేవాడు. పిలిస్తే ఒకడుగు వేసి, మళ్ళీ వెనక్కి పోయేవాడు. ఇంట్లోనే తడి చేసేవాడు. ఒకరోజు మామగారు అలవాటుగా వీపు మీద చెయ్యి వేస్తే గుర్రుమని కొరకబోయాడు. పన్ను గీసుకుందంతే. ఆయన మనసు మాత్రం చివుక్కుమంది.

"ముందు పలకరించి, తర్వాత చెయ్యి వెయ్యండి మామయ్యగారూ," అంది కోడలు.

నా కుక్కని నేను ముట్టుకోవడానికి ఈవిడ పాఠాలు చెబుతుందా? ఆయనకు ఒళ్ళు మండింది.

ఆనాటినుంచీ కోడలి మీద ఓ చెవి వేసి ఉంచారు. దొర దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఆమె కాలితో నేలను గట్టిగా తడుతోంది. దడిపించడానికి కాకపోతే ఎందుకు? దొర పడుకునే మూలనుంచి పెరటి తలుపుదాకా గరుకు గోనెపట్టాలు పరిచింది. నేల మీద వాడి గోళ్ళ గీతలు పడకూడదు కాబోలు.

ఓ సాయంత్రం బల్ల కాలికి చెయ్యి తగిలితే జిడ్డుగా అంటింది. వాసన చూశారు. నిమ్మగడ్డి నూనె. బీరువా మూలలూ, మంచం కోళ్ళూ, తలుపు అంచులూ, అన్నిటికీ అదే. ఆయనకు అంతా అర్థమైపోయింది. ఆ ఘాటుకి ఏ కుక్క ఇంట్లో నిలుస్తుంది? కర్ర ఎత్తకుండా, మాట పడకుండా తరిమే ఉపాయం.

గోడ అవతల ఉండే దర్జీ ఆవిడతో చెప్పుకున్నారు. ఆమె ఆ ఇంటి గడప తొక్కి ఎరగదు, ఆ ఇంటి సంగతులన్నీ ఎరుగును. కుట్టుమిషను ఆపి సావకాశంగా వింది.

"ముందు కుక్క. తర్వాత మీ కుర్చీలు. ఆ తర్వాత మీరు అన్నగారూ," అంది. మళ్ళీ మిషను నడిపింది.

ఆ పూట ఆయనకు ముద్ద దిగలేదు.

మర్నాడు పొద్దున్నే కోడలు దొరని ఎత్తుకుని బండెక్కింది. ఎక్కడికంటే, ఇప్పుడే వచ్చేస్తాం అంది. ఎక్కడో వదిలేసి వస్తుందని ఆయన భయం. పేము ముట్టుకోలేదు. గేటు పట్టుకుని, వచ్చే ప్రతి బండి చప్పుడుకీ చెవులు రిక్కిస్తూ నిలబడ్డారు.

దొర తిరిగొచ్చాడు. ఒళ్ళంతా మందుల వాసన. కోడలు వంటింట్లోకి వెళ్ళి గొంతు తగ్గించి మొగుడితో ఫోనులో మాట్లాడింది.

"ఇంక లాభం లేదన్నారండీ. ఉన్నన్నాళ్ళు మనమే సర్దుకోవాలి."

ఉన్నన్నాళ్ళు! కుక్క ఉన్నన్నాళ్ళా, ముసలాడు ఉన్నన్నాళ్ళా?

మామగారు ఇంకేమీ వినదలచుకోలేదు. పనిముట్ల సంచీ భుజానికి తగిలించుకున్నారు. దొర మెడకి తాడు కట్టి, చేతికర్ర అందుకుని బయల్దేరారు. తను అల్లిన కుర్చీలు అమ్మే కొట్టు వెనక గది ఎలాగూ ఖాళీగా ఉంది. వాడూ తనూ అక్కడ పడి ఉంటారు.

గేటు దగ్గర దబ్‌మంది. కుయ్‌మన్నాడు దొర.

అదే చప్పుడు. కానీ కోడలు ఇంకా వంటింట్లోనే ఉంది.

ఆమె పరిగెత్తుకొచ్చింది. కాలితో నేల తట్టి, "దొరా, నేనేరా," అని పలకరించి, అప్పుడు కూర్చుని వాణ్ణి ఒళ్ళోకి తీసుకుంది. వాడు గుర్రుమనలేదు.

మామగారు కడుపులో ఉన్నదంతా కక్కేశారు. కాలి చప్పుళ్ళూ, పట్టాలూ, నూనే, బండీ, ఫోనూ. ఒక్కటీ మిగల్చలేదు.

"నాకు మిగిలింది వీడొక్కడేనమ్మా. తరిమెయ్యాలనుంటే నన్ను తరుము. వీణ్ణి ఎందుకిలా చేశావు?"

కోడలు దొర తల నిమిరింది.

"ఏది ఎక్కడుందో వాసనపట్టి తెలుసుకుంటాడని రాశాను మామయ్యగారూ," అంది.

తర్వాత ఆయన చెయ్యి పట్టుకుని మెల్లగా దొర ముఖం దగ్గరికి తీసుకెళ్ళింది.

"మీకు తెలిసే ఉంటుందనుకున్నాను, వీడికి కూడా మీలాగే చూపు లేదని."