మంచానికి గడి లేదు

“బస్సుకి గడి ఉంది, లారీకి ఉంది, ఆఖరికి సైకిలుకీ ఉంది. ఫారంలో మంచానికి గడి లేదమ్మా!” ఫోన్లో విసుక్కున్నాడు మార్కుల మాస్టారు.

ఆయన బడిపంతులేం కాదు, రోడ్ల ఆఫీసులో ఇంజనీరు. వేయాల్సిన రోడ్లకు మార్కులిచ్చి వరసలో పెట్టడం ఆయన పని కాబట్టి ఆ పేరు పడింది. ఈసారి ముప్ఫై ఒక్క దారులు అడిగితే మంజూరు తొమ్మిదింటికే. సాయంత్రం ఐదింటికల్లా జాబితా పైకి వెళ్ళాలి. మిగతా ఊళ్ళ ఉసురు తనకే తగులుతుందని ఏటా అనుకుంటాడు, ఏటా సంతకం పెడతాడు. ఆ పనితో ఆయన అలిసిపోయాడు.

అవతల ఉన్నది, కొండదారిలో వాగు పక్కన కుర్చీ వేసుకుని, ఈ మార్కుల కోసం వారంగా బళ్ళు లెక్కపెడుతున్న అమ్మాయి.

“మంచం మీద రోగిని మోసుకెళ్తున్నారు సార్, నలుగురు. అత్యవసరం కింద ఐదు మార్కులు రావాలి కదా?”

“అది అంబులెన్సుకి. మంచానికి చక్రాలేవీ?”

“చక్రాలు రాని దారనే కదా సార్, మంచం!”

మాస్టారు జాబితా ముందుకు లాక్కున్నాడు. మూడేళ్ళుగా ఆ దారిది పదో స్థానమే. నాలుగు మార్కులు కలిస్తే గట్టెక్కుతుంది.

“రోగికేమైంది?”

“వాగు దగ్గర రాయి జారి కాలు విరిగింది సార్.”

“అయ్యో!” అన్నాడాయన. అయినా ఆమె ఇందాక ఫోన్లో పంపిన లెక్క కాగితం మరోసారి చూశాడు.

“పదింటి తర్వాత ఒక్క గీతా లేదేం? కుర్చీ వదిలేశావా?”

“వదలాల్సొచ్చింది సార్.”

“వాళ్ళ వెంటపడి నడుస్తున్నావా ఏంటి?”

“నడవట్లేదు సార్.”

వెనక ఎవరిదో ఆయాసం వినిపిస్తోంది.

“చూడమ్మా, పోయినేడు ఒకాయన బస్సే రాని దారిలో నలభై బస్సులు రాశాడు. చివాట్లు నాకు పడ్డాయి. నీ మాట ఒక్కటీ చాలదు. ఫోన్ ఆ రోగికివ్వు. తన నోటితో చెబితే ఐదు మార్కులూ ఇప్పుడే వేసేస్తాను.”

“మెల్లగా దించండన్నా” అని ఆమె ఎవరితోనో అనడం వినిపించింది. తర్వాత సన్నగా మూలుగు.

“ఇందాకటి నుంచీ మీతో మాట్లాడుతున్నది రోగే సార్.”