సిస్టర్‌గారి చేతులు

మా పెళ్లయి పదహారు రోజులు. కొత్త జ్వరం భయంతో నర్సులు ఇళ్లకు రావడం మానేశారు. అందుకని తెనాలిలో ఉన్న రత్నకుమారి సిస్టర్ చేతులను నూజివీడులో నేను తొడుక్కుంటాను. అక్కడ ఆమె తన గ్లవ్స్‌లో వేళ్లు కదిపితే, ఇక్కడ ఈ గ్లవ్స్‌లో నా వేళ్లు కదులుతాయి. అత్తయ్యగారికి డయాలసిస్ సూది అలాగే పెడతాం. అది తప్పితే జ్వరాలతో కిక్కిరిసిన ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

"సిస్టరే పెట్టాలి. నీ చేతులకింకా గోరింటాకైనా పోలేదు" అంటూ అత్తయ్యగారు గోడవైపు తిరిగిపోతారు. మా ఆయన గుమ్మంలో నిలబడి నవ్వుతాడు.

పనయ్యాక సిస్టర్ ఆవిడ బుగ్గలు నిమిరి, కణతల దగ్గర మెటికలు విరుస్తుంది. నా వేళ్లే టపటపమంటుంటే నాకు భలే సరదా.

ఇవాళ సూది ఒక్కసారికే దిగింది. మెటికలూ గట్టిగా విరిగాయి.

"నీ చేతులు చల్లగుండ, సిస్టరమ్మా" అన్నారు అత్తయ్యగారు.

"నావెక్కడివండీ? సూదికి ముందే నా గ్లవ్స్ తీసేసి స్క్రీన్లో చూస్తూ కూర్చున్నా" అంది స్పీకర్లో సిస్టర్.

"మరి మెటికలు విరిచిందెవరు?" అన్నారు అత్తయ్యగారు.

సూదీ మెటికలూ నా చేతులవేనని నాకూ అప్పుడే తెలిసింది. అత్తయ్యగారు మొదటిసారి నావైపు తిరిగారు. ఒక చేతికి సూది ఉంది కదా, రెండో చేత్తోనే నా బుగ్గ నిమిరి దిష్టి తీశారు.