పెద్ద మేడమ్ పుస్తకాలు

వెనక వరుసలో బురఖా వేసుకుని కూర్చున్నామె చెయ్యెత్తింది.

సునంద ప్రసంగం ఆపింది.

దోహాలో పదిహేనుమంది తెలుగువాళ్లు ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఒక స్కూలు గదిలో కలుసుకుని పుస్తకాల గురించి మాట్లాడుకుంటారు. ఆ నెల జపాన్ సాహిత్యం వంతు. అదే స్కూల్లో తెలుగు టీచరైన సునంద అందుకోసం మూడు నెలలుగా దొరికిందల్లా చదివింది.

వెయ్యేళ్ల కిందట జపాన్ మగవాళ్లు గొప్పకోసం చైనా భాషలో రాసేవారని చెప్పింది. ఆ చదువు ఆడవాళ్లకు నేర్పేవారు కాదట. దాంతో ఆడవాళ్లు తేలికైన అక్షరాలతో ఇంట్లో మాట్లాడుకునే మాటల్నే రాసుకున్నారు. 'ఆడచేతి రాత' అని పేరుపడిన ఆ రాతలే ఇవాళ ఆ దేశం తలమీద పెట్టుకునే పుస్తకాలయ్యాయి.

"అంతఃపురంలో రాణులు పొద్దుపోక రాసుకున్న డైరీలు..." అంటుండగా ఆ చెయ్యి లేచింది.

"వాళ్లు రాణులు కాదు మేడమ్" అంది ఆమె మెల్లగా. "రాణి దగ్గర పనికుండినోళ్లు. పిలిస్తే పోవల్ల, పిలవకుంటే తెర వెనక కాచుకోనుండల్ల. ఒకరింట్లో పనికుండేవాళ్లకే కదా మేడమ్ అన్నీ కనపడేది."

గదిలో అందరూ వెనక్కి తిరిగి చూశారు.

ఆమె పేరు తహెరున్నీసా. ఊరు రాయచోటి దగ్గర. దోహాలోనే ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో ఒక జపాన్ కుటుంబంలో పద్నాలుగేళ్లుగా ఇంటిపని చేస్తోంది.

ఇవన్నీ నీకెలా తెలుసని సునంద అడిగింది.

"మా ఇంట్లో పెద్ద మేడమ్ ఉండాది. గోడ నిండా పుస్తకాలే. అన్నీ ఆమెవే."

ఆ పెద్దావిడ ఎంత పండితురాలో అనుకుంది సునంద. పనిమనిషిని కూర్చోబెట్టుకుని చదివి వినిపిస్తోందంటే ఎంత మంచి మనసో అని కూడా అనుకుంది. ఇంకేమీ అడగలేదు.

తర్వాతి శుక్రవారం తహెరున్నీసా మళ్లీ వచ్చింది. ఆ పుస్తకాల్లో అంగీ చేతులు తడిశాయని రాస్తే ఏడ్చారని అర్థమని చెప్పింది. ఏడ్చామని వాళ్లు నోటితో చెప్పుకోరట. ఉత్తరానికి ఏ రంగు కాగితం ఎంచుకున్నారు, ఏ కాలపు కొమ్మకు కట్టి పంపారు అన్నదాంట్లోనే సగం సంగతి ఉంటుందట. ఆ ఆడవాళ్లు పరాయి మగవాళ్ల ఎదుట పడేవారు కాదు. చేతిరాత చూసే మనిషి ఎలాంటిదో తెలుసుకునేవారు.

"ముఖం కనపడకపోతే ఏమి మేడమ్" అంది. "రాతలో మనిషి తెలిసిపోతాది."

సునంద ఆ మాట రెండుసార్లు గీత గీసి రాసుకుంది.

మూడో శుక్రవారం తహెరున్నీసా ఒక చిన్న పద్యాన్ని జపాన్ భాషలో చెప్పి, ఒక్కో మాటకూ తెలుగులో అర్థం విప్పింది. ఇన్నేళ్లు విని విని కంఠతా వచ్చేసి ఉంటుందనుకుంది సునంద. పెద్ద మేడమ్‌ను ఒకసారి సభకు తీసుకురమ్మని అడిగింది.

"ఆమె యాడికీ వచ్చేదానికి కాదు మేడమ్, బాగలేదు" అంది తహెరున్నీసా. వెళ్లబోతూ ఆగింది. "ఒక్క శుక్రవారం నేను మాట్లాడొచ్చునా మేడమ్? ముందర నిలబడి?"

రెండు నెలలదాకా వక్తలు ఖాయమైపోయారు. "చూద్దాంలే" అంది సునంద.

ఆ తర్వాత తహెరున్నీసా రాలేదు.

ఈలోగా సునంద రాసిన వ్యాసం ఒక తెలుగు పత్రికలో వచ్చింది. హైదరాబాదు నుంచి కూడా ఫోన్లు చేసి మెచ్చుకున్నారు. పనికున్నవాళ్ల చూపు గురించిన పేరా చాలామందికి నచ్చింది. వ్యాసం చివర 'దోహాలోని ఒక జపాన్ విదుషీమణికి' కృతజ్ఞతలు చెప్పింది. తహెరున్నీసా పేరు రాయాలని తోచలేదు.

పత్రిక పట్టుకుని, ఒక సాయంత్రం వాళ్ల ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది.

గోడ తడుముకుంటూ వచ్చి ఒక ముసలావిడ తలుపు తీసింది. చూపు ఎటో ఉంది. హాల్లో గోడ పొడవునా అల్మరాలు ఖాళీగా ఉన్నాయి.

సునంద తనెవరో ఇంగ్లీషులో చెప్పుకుంది. తహెరున్నీసా ఉందా అని అడిగింది.

పది రోజుల కిందటే ఊరెళ్లిపోయిందట. ఇక తిరిగి రాదట.

సునంద పత్రికను ఆవిడ చేతుల్లో పెట్టింది. "మీరు తహెరున్నీసాకు చదివి చెప్పినవే ఇందులో రాశానండీ. మీకు దండం పెట్టుకుందామని వచ్చాను."

ముసలావిడ కాగితాలను కాసేపు వేళ్లతో తడిమింది.

"నేను చదివి చెప్పడమా? నాకు చూపు పోయి పదకొండేళ్లు. చూపున్నప్పుడు కూడా ఆ పుస్తకాలు తెరవలేదు, అవి మావారివి. ఆయన పోయాక ఎవరికైనా ఇచ్చేద్దామంటే ఆమె ఇవ్వనివ్వలేదు. మా మనవరాలి అక్షరాల పుస్తకం దగ్గర పెట్టుకుని మా భాష నేర్చుకుంది. రోజూ పనయ్యాక నాకు చదివి, నాకు తెలియనిచోట ఆగి విడమరిచి చెప్పేది. వెళ్లేటప్పుడు పుస్తకాలన్నీ ఆమెకే ఇచ్చి పంపాను."

ఆవిడ ఖాళీ అల్మరాల వైపు ముఖం తిప్పింది.

"ఈ ఇంట్లో ఆమెను మేమెవరం పేరుపెట్టి పిలవమమ్మా, 'సెన్సే' అంటాం, అంటే గురువుగారు అని."