మెలిక టవర్

ముసలయ్య కంపెనీ చెవి అట. ఆ మాట పక్క గది అచ్చిబాబు మోసుకొచ్చాడు. అచ్చిబాబుకు బస్సు డ్రైవర్ ఖుర్రం చెప్పాడట. ఖుర్రం అయితే కళ్లారా చూశాడట.

"ఏం చూసిండట?" అన్నాడు లచ్చన్న, బూట్లు వేసుకుంటూ.

"మనకంటే గంట ముందే మొదటి బస్సెక్కేస్తాడండి ముసలాయన. లిఫ్టులో పైకెళ్తాడు. దిగొచ్చి ఫోర్మన్ చెవిలో ఏదో ఊదుతాడు. ఆ రోజు ఎవరిదో ఒకరి పని ఆగిపోద్ది. ఇంకా ఏం చూడాలండి?"

లచ్చన్న బూటు లేసు బిగించి లాగాడు. మొన్న ఆగింది తమ పనే.

సల్మాబాద్ లేబర్ క్యాంపులో ఆ వరస గదుల వాళ్లందరిదీ ఒకే టవర్. సముద్రాన్ని పూడ్చిన నేల మీద, ఉతికి పిండిన చీరలా మెలి తిరిగి లేస్తోంది. ఏ అంతస్తూ కింది అంతస్తు మీద తిన్నగా కూర్చోదు, జానెడు పక్కకు జరుగుతుంది. దారిన పోయేవాళ్లు కార్లు ఆపి మరీ ఫోటోలు తీసుకునేవాళ్లు.

లచ్చన్న, అతని బామ్మర్ది స్వామి ఆ మెలికలకు అద్దాలు బిగించేవాళ్లు. వాళ్లు నిలబడి పనిచేసే, పై నుంచి వేలాడే తొట్టి క్రేడిల్‌ను ఉయ్యాల అనేవాళ్లు అంతా. నడుముకు బెల్టు, ఆ బెల్టుకు పైకప్పు నుంచి దిగిన తాడు. కాలు జారినా తాడు ఆపుతుంది.

స్వామి వచ్చి నాలుగు నెలలే. తెచ్చింది లచ్చన్న. "నా తమ్ముడు పైలం" అని మల్లిక ఫోన్ చేసిన ప్రతిసారీ భర్తకు అప్పజెప్పేది. మూడుసార్లు పని ఆగిన కొత్తవాణ్ని ఇంటికి తోలేస్తారని క్యాంపులో ఒక మాట ఉంది.

ఆ పొద్దున ఫోర్మన్ అహ్తెషామ్ మళ్లీ చెయ్యి అడ్డం పెట్టాడు.

"మీ ఉయ్యాల బంద్. కింద అద్దాలు మొయ్యుర్రి."

"మళ్లనా? ఎందుకు భాయ్?"

"బంద్ అంటే బంద్. ఖలాస్."

ఫోర్మన్ వెనక ముసలయ్య చీపురు పట్టుకొని నిలబడ్డాడు. ఊడవడమే ఆయన డ్యూటీ.

"ఏం తాతా, మా మీద ఏం జెప్పినవ్?"

"భాయ్‌నే అడుగు బిడ్డా."

"అడిగేది నిన్ను! నీ నోట్ల నాలిక లేదా?"

ముసలయ్య ఫోర్మన్ వైపు చూశాడు. ఫోర్మన్ ఎటో చూశాడు. ముసలయ్య వంగి ఊడవడం మొదలుపెట్టాడు.

రెండుసార్లు అయింది. మిగిలింది ఒక్కటే.

ఆ సాయంత్రం అచ్చిబాబు ఇంజినీరుకు అర్జీ రాశాడు. ముసలాయనకు వయసు మీద పడిందని, పైన చెత్త పేరుకుపోతోందని, మరో చోటికి పంపించాలని. తొమ్మిది మంది దస్తఖతులు పెట్టారు. స్వామి దగ్గర పెన్ను ఆగింది.

"పాపం బావా, ముసలోడు."

"నిన్ను ఇంటికి తోలితే పాపమనేటోడు ఒక్కడు లేడు ఈడ. పెట్టు."

స్వామి పెట్టాడు.

ఇంజినీరు అర్జీ చదివాడో లేదో గానీ మూడో రోజే ముసలయ్యను కర్జకాన్ ఊరి దిక్కు విల్లా పనికి మార్చేశారు. పెట్టె పట్టుకొని వెళ్తూ, టవర్ బస్సు కిటికీ దగ్గర ఆగాడు.

"స్వామీ, ఓ మాట. గా పందొమ్మిదో అంతస్తు అంచు కాడ..."

"ఏమన్నుంటే నీ సాబుకు జెప్పుకోపో" అని లచ్చన్న అద్దం జరిపేశాడు. "ఖుర్రం భాయ్, యల్లా, పోనియ్!"

బస్సంతా నవ్వింది.

తర్వాత వారం రోజులు ఉయ్యాల ఒక్కసారి కూడా ఆగలేదు. "జూసినవా?" అన్నాడు లచ్చన్న, బామ్మర్ది వీపు మీద చరిచి. "పుల్లలు పెట్టేటోడు పోయిండు, పని సాగింది."

ఎనిమిదో రోజు పొద్దున పది గంటలకు సముద్రం మీది నుంచి గాలి లేచింది. ఉయ్యాల ఒక్క ఊపు ఊగి టవర్ మూలకు కొట్టుకుంది. స్వామి కాలు జారింది.

లచ్చన్న మొదట భయపడలేదు. తాడుంది కదా.

తాడు ఒక్క క్షణం బిగుసుకుంది. ఆ తర్వాత అందులో బిగువు లేదు.

మధ్యాహ్నానికి స్వామిని తీసుకెళ్లిపోయారు. పని ఆపేసి అందరూ టవర్ నీడలో కూలబడ్డారు. అహ్తెషామ్ చేతిలో తెగిన తాడు ముక్క ఉంది. దాని కొస కొబ్బరి పీచులా లేచి ఉంది.

"అన్ని టవర్లకు తాడు తిన్నగ దిగుతది" అన్నాడు ఎవరితోనో అన్నట్టు. "దీనికి అంతస్తు అంతస్తుకు అంచు ఒరుసుకుంటది. పందొమ్మిదో దాని కాడ మరీ."

లచ్చన్న లేచి అతని చొక్కా పట్టుకున్నాడు.

"తెలిసి మాకెందుకు జెప్పలే?"

"జెప్తే ఎవడెక్కుతడు? కంపెనీ నన్నూ జెప్పనియ్యలే, ఎవ్వల్నీ జెప్పనియ్యలే. తాడు ఖరాబున్న రోజు మీ ఉయ్యాల ఆపుతుంటి."

"మరి ఇయ్యాల ఎందుకాపలే? ఇన్ని రోజులు చూసిన కండ్లు ఇయ్యాల ఏడవోయినయ్ నీకు?"

అచ్చిబాబు, మిగతా వాళ్లు చుట్టూ చేరారు. అహ్తెషామ్ చొక్కా విడిపించుకోలేదు.

"గా కండ్లు నాయి గావు లచ్చన్నా. నలభై ఏండ్లు మోకుతాడు కట్టి తాళ్లెక్కి కల్లు గీసిన ముసలయ్యయి. రోజూ మీకన్న ముందుగాల పైకెక్కి మూర మూర తాడు తడిమి చూస్తుండె. ఆయన్ను మీ పదిమందే దస్తఖతు పెట్టి ఎల్లగొట్టిర్రు."